‘రక్తం తక్కువ’ అంటే ప్రతిసారీ ఐరన్ లోపమేనా? తలసేమియా గురించి ఆదోని డివిజన్ కుటుంబాలు తెలుసుకోవాల్సింది

చాలా ఇళ్లలో ఈ కథ ఒకే తీరుగా మొదలవుతుంది. పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంటుంది. అయిదారు నెలలు నిండాక పాలు సరిగా తాగదు, ఒళ్లు పాలిపోతుంది, ఎప్పుడూ చిరాకుగా ఏడుస్తుంటుంది. ఊళ్లో ఏఎన్‌ఎం చూసి రక్తం తక్కువగా ఉందంటారు. ఐరన్ సిరప్ ఇస్తారు. నెల తిరిగినా మార్పుండదు. కళ్లు పచ్చబడితే కామెర్లేమోనని పసరు మందు పోయిస్తారు. పొట్ట ఎత్తుగా కనిపిస్తే ‘కడుపులో బల్ల’ అని వాతలు పెట్టించేవాళ్లూ ఉన్నారు. ఎమ్మిగనూరు, ఆదోని, చివరకు కర్నూలు పెద్దాసుపత్రి. ఒక్కో మెట్టు ఎక్కేలోపు నెలలు గడుస్తాయి. అక్కడ ఒక రక్తపరీక్ష చేసి, తల్లిదండ్రులిద్దరి రక్తం కూడా కావాలంటారు. ‘‘బిడ్డకు జబ్బు చేస్తే మా రక్తం ఎందుకు?’’ అన్న ప్రశ్న అప్పుడు వస్తుంది. తలసేమియా గురించి ఆ ఇంట్లో వినే మొదటి మాట దానికి డాక్టరు చెప్పే జవాబే.

ఆ పరీక్ష పెళ్లికి ముందో, కనీసం కడుపు పండిన మొదటి నెలల్లోనో జరిగి ఉంటే కథ వేరేగా ఉండేది. పెద్దకడుబూరు లాంటి మండలంలో అది ఎందుకు జరగడం లేదు, జరగాలంటే ఎవరిని ఏమడగాలి, ఇప్పటికే తలసేమియా ఉన్న బిడ్డకు ప్రభుత్వం నుంచి ఏం అందుతుంది అన్నదే ఈ కథనం.

అసలేమిటీ జబ్బు?

ఎర్ర రక్తకణాల్లో ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్. దాని తయారీకి ఆల్ఫా, బీటా అనే రెండు రకాల ప్రొటీన్ గొలుసులు కావాలి. బీటా గొలుసును తయారుచేసే జన్యువు మన 11వ క్రోమోజోముపై ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ప్రతి ఒక్కరికీ రెండు ప్రతులు వస్తాయి. ఒక ప్రతిలో లోపం ఉండి రెండోది బాగుంటే మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. వీరినే తలసేమియా మైనర్ లేదా క్యారియర్ అంటారు. రెండు ప్రతులూ లోపభూయిష్టమైతే అది తలసేమియా మేజర్. ఈ రెండింటి నడుమ తీవ్రత ఉన్న రకాన్ని ఇంటర్మీడియా అంటారు.

కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. దానికి బీటా గొలుసుతో పనిలేదు. పుట్టాక కొన్ని నెలల్లో అది తగ్గి, పెద్దల హిమోగ్లోబిన్ ఆ స్థానంలోకి రావాలి. మేజర్ బిడ్డల్లో అది రాదు. అందుకే పుట్టగానే ఏమీ తెలియదు. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు బయటపడుతుంది. ‘పుట్టినప్పుడు బాగానే ఉంది, దిష్టి తగిలింది’ అని పెద్దవాళ్లు అనుకోవడానికి మూలం ఇదే.

ఈ వ్యాధిని 1925లో అమెరికాలోని డెట్రాయిట్‌లో థామస్ కూలీ అనే పిల్లల వైద్యుడు మొదట వివరించారు. మధ్యధరా సముద్ర తీర దేశాల కుటుంబాల్లో ఎక్కువగా కనిపించడంతో, గ్రీకు భాషలో సముద్రం అనే అర్థమున్న ‘తలస్సా’ నుంచి ఈ పేరు వచ్చింది. పేరు విని ఇది మనది కాని జబ్బు అనుకోవడానికి లేదు. దేశ జనాభాలో 3 నుంచి 4 శాతం మంది క్యారియర్లని, ఏటా 10 వేల నుంచి 12 వేల మంది పిల్లలు మేజర్‌తో పుడుతున్నారని కేంద్ర ఆరోగ్యశాఖ అంచనా. సింధీ, పంజాబీ, గుజరాతీ, బెంగాలీ కుటుంబాల్లో దీని పాలు ఎక్కువన్నది నిజమే. అలాగని మిగతా వారికి మినహాయింపేమీ లేదు. కులం, మతం చూసి వచ్చేది కాదు.

అంటువ్యాధి కాదు. తల్లి చేసిన తప్పు అంతకన్నా కాదు. ఈ రెండో మాట ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తోంది. ఇలాంటి బిడ్డ పుడితే మన దగ్గర ముందు మాటపడేది కోడలే కదా. మేజర్ బిడ్డ పుట్టిందంటే లోపమున్న జన్యువు తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి వచ్చినట్టే. ఇద్దరి వాటా సరిసమానం.

నాలుగింట ఒకటి – లెక్క ఎలా?

భార్యాభర్తల్లో ఒక్కరే మైనర్ అయితే పిల్లలకు మేజర్ వచ్చే ప్రశ్నే లేదు. సగం మంది మైనర్లు కావచ్చు, అంతే. ఇద్దరూ మైనర్లయితేనే చిక్కు. అప్పుడు ప్రతి కాన్పులోనూ మేజర్ పుట్టే అవకాశం 25 శాతం, మైనర్ పుట్టే అవకాశం 50 శాతం, ఏ లోపమూ లేకుండా పుట్టే అవకాశం 25 శాతం.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ‘నలుగురిలో ఒకరికి’ అనగానే, మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనుకుంటారు. అలా కాదు. ప్రతి కాన్పుకీ లెక్క మళ్లీ మొదటి నుంచే. వరసగా ఇద్దరికి వచ్చిన ఇళ్లున్నాయి, నలుగురు పుట్టినా ఒక్కరికీ రాని ఇళ్లూ ఉన్నాయి. రెండో రకం ఇంట్లో ఆ జన్యువు ఉన్న సంగతే ఎవరికీ తెలియదు. చడీచప్పుడు లేకుండా తర్వాతి తరానికి వెళ్తుంది.

మేనరికం మాటేమిటి?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగింట ఒక పెళ్లి రక్తసంబంధీకుల మధ్యే జరిగింది. రాయలసీమ పల్లెల్లో మేనబావ, మేనమామ సంబంధాలు కొత్తేమీ కాదు. ఆస్తి బయటికి పోదని, పిల్ల కళ్లముందే ఉంటుందని, కట్నం గొడవ తక్కువని చేసుకుంటారు. మేనరికం వల్ల జబ్బు ‘పుడుతుంది’ అనడం సరికాదు. ఉన్న లోపం రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే అవకాశం పెరుగుతుంది, అదీ అసలు విషయం.

ఎంత పెరుగుతుందో చూద్దాం. ఒక అమ్మాయి మైనర్ అనుకుందాం. ఆమె బయటి సంబంధం చేసుకుంటే ఆ అబ్బాయీ మైనర్ అయ్యే అవకాశం దేశ సగటు ప్రకారం నూటికి మూడు నాలుగు. సొంత మేనమామ కొడుకును చేసుకుంటే, అదే జన్యువు అతనికీ వచ్చి ఉండే అవకాశం దాదాపు ఎనిమిదింట ఒకటి, అంటే 12 శాతం పైనే. మేనమామనే చేసుకుంటే నాలుగింట ఒకటి, 25 శాతం. అమ్మాయికి ఆ జన్యువు తల్లి నుంచి వచ్చే అవకాశం సగం, తల్లికి ఉంటే ఆమె తమ్ముడికీ ఉండే అవకాశం మరో సగం. రెండు సగాలను గుణిస్తే వచ్చేది అదే.

మేనరికాలు మానండని ఉపన్యాసం ఇస్తే పల్లెలో ఎవరూ వినరు. ఇన్నేళ్లుగా వినలేదు కూడా. అంతకన్నా తేలిక పని, నిశ్చితార్థానికి ముందు ఒక రక్తపరీక్ష. అదీ ముందు అబ్బాయికి చేయించడం మంచిదని మా అభిప్రాయం. అతను మైనర్ కాదని తేలితే అమ్మాయికి పరీక్ష అవసరమే రాదు. ‘ఆ పిల్లకేదో రక్తదోషం ఉందట’ అన్న పుకారుకూ తావుండదు. మైనర్ అని తేలినా పెళ్లి ఆగాల్సిన పనిలేదు, అవతలి వ్యక్తి మైనర్ కాకపోతే చాలు. మైనర్ అన్నది జబ్బు కాదు. దానికి మందు లేదు, అవసరమూ లేదు. ఆ మనిషి పొలం పని చేస్తాడు, పరుగు పందెంలో పాల్గొంటాడు, నిండు నూరేళ్లు బతుకుతాడు.

సైప్రస్‌లో 1970ల నుంచి చేసిందీ ఇదే. ప్రతి ఏడుగురిలో ఒకరు క్యారియర్‌గా ఉన్న ఆ చిన్న ద్వీపంలో పెళ్లికి ముందు తలసేమియా పరీక్ష పత్రం చూపాలని చర్చి షరతు పెట్టింది. పెళ్లిళ్లు ఆగలేదు. మేజర్‌తో పుట్టే పిల్లల సంఖ్య మాత్రం దాదాపు సున్నాకు పడిపోయింది. ఇరాన్ 1997లో పెళ్లికి ముందు పరీక్షను దేశవ్యాప్తంగా తప్పనిసరి చేసింది. మన దగ్గర అలాంటి నిబంధన లేదు. జాతకాల పొంతన మాత్రం చూస్తాం.

ఐరన్ లోపమా, తలసేమియానా?

అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో దాదాపు 59 శాతం, అయిదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంతమందిలో అత్యధికులకు కారణం తిండిలో ఇనుము చాలకపోవడమే. అందువల్ల ‘రక్తం తక్కువ’ అనగానే ఐరన్ మాత్ర ఇవ్వడం తప్పు కాదు. ఇబ్బంది ఎక్కడంటే, రెండు మూడు నెలలు మాత్రలు సరిగా వేసుకున్నా హిమోగ్లోబిన్ పెరగకపోతే ‘మాత్రలు మింగడం లేదు’ అని గర్భిణినే కోప్పడి ఊరుకోవడం. అలా పెరగని వారిలో కొందరు తలసేమియా మైనర్లు కావచ్చు.

గుర్తుపట్టడానికి తొలి ఆధారం సీబీసీ అనే మామూలు రక్తపరీక్ష. ఆ కాగితం ఇప్పటికే మీ ఇంట్లో ఉండవచ్చు. అందులో హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి మడిచి పెట్టేస్తాం. ఎంసీవీ అని మరో అంకె ఉంటుంది. ఎర్రకణం సైజు అది. 80 కన్నా తక్కువుంటే కణాలు చిన్నవని అర్థం. ఎంసీహెచ్ 27 కన్నా తక్కువున్నా అనుమానించాలి. కణాల సైజు ఐరన్ లోపంలోనూ తగ్గుతుంది కాబట్టి డాక్టర్లు ఒక చిన్న లెక్క వేస్తారు. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో (మిలియన్లలో) భాగిస్తారు. వచ్చింది 13 కన్నా తక్కువైతే తలసేమియా వైపు, ఎక్కువైతే ఐరన్ లోపం వైపు మొగ్గు. ఉదాహరణకు ఎంసీవీ 62, ఎర్రకణాలు 5.5 మిలియన్లు ఉంటే 11.3 వస్తుంది. ఎంసీవీ 70, ఎర్రకణాలు 3.8 అయితే 18.4. ఇది సూచన మాత్రమే. ఈ లెక్క మీరే వేసుకుని నిర్ణయానికి రావద్దు, కాగితం డాక్టరుకు చూపించి అడగండి.

నిర్ధారణకు చేసేది హెచ్‌పీఎల్‌సీ పరీక్ష. అందులో హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం 3.5 శాతం దాటితే బీటా తలసేమియా మైనర్ అని తేలుస్తారు. యంత్రం మీ ఊళ్లోనే ఉండక్కర్లేదు. నమూనా పంపితే చాలు, మనిషి ప్రయాణం చేయాల్సిన పనిలేదు. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే సరిపోతుంది. జన్యువు మారేది కాదు కదా. అయితే ఐరన్ లోపం బాగా ఎక్కువుంటే ఏ2 అంకె తగ్గి కనిపించవచ్చు. అలాంటప్పుడు లోపం సరిచేశాక మళ్లీ చూడమంటారు. బిడ్డకు ఇప్పటికే రక్తం ఎక్కించి ఉంటే దాత రక్తం కలవడంతో ఫలితం తారుమారవుతుంది. కాబట్టి నమూనా తీయాల్సింది మొదటి రక్తమార్పిడికి ముందే. హడావిడిలో ఇది మర్చిపోవడం మామూలే, తల్లిదండ్రులే గుర్తుచేయాలి.

ఒక హెచ్చరిక. ఇది చదివి గర్భిణులు ఐరన్ మాత్రలు మానేయవద్దు. మైనర్ అయినవారికీ ఐరన్ లోపం ఉండవచ్చు, అప్పుడు మాత్రలు కావాలి. ఫెరిటిన్ పరీక్ష చూసి డాక్టరు చెబుతారు. ఐరన్ టానిక్కులు సొంతంగా పట్టకూడనిది మేజర్ అని తేలిన బిడ్డలకు.

గర్భిణి అయితే సమయమే కీలకం

పన్నెండు వారాల్లోపు పేరు నమోదు చేయించుకోమని ఆశా కార్యకర్తలు చెప్పేది ఎందుకో ఇక్కడ బాగా అర్థమవుతుంది. మామూలుగా చేసే పరీక్షల్లో హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూప్, హెచ్‌ఐవీ, సిఫిలిస్ వంటివి ఉంటాయి. తలసేమియా పరీక్ష అందరికీ దానంతటదే జరగదు, అడగాలి. హిమోగ్లోబినోపతీల నివారణపై 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు గర్భిణులకు తొలి నెలల్లోనే పరీక్ష చేయాలని, తేలితే వెంటనే భర్తకు చేయాలని చెబుతున్నాయి. కాగితం మీద పదేళ్లవుతోంది. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్‌కు 2023 జులై 1న జాతీయ మిషన్ మొదలైంది. తలసేమియాకు ఆ స్థాయి ఊపు ఇంకా రాలేదు. కర్నూలు పశ్చిమ మండలాలకు ఈ తేడా బాగా తెలుస్తుంది.

ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేసే సురక్షిత మాతృత్వ అభియాన్ ఉంది. ఆ రోజు డాక్టరు ఉంటారు. ‘‘సీబీసీలో ఎంసీవీ ఎంత ఉంది, తలసేమియా పరీక్ష రాస్తారా?’’ అని అడగడానికి అది సరైన సందర్భం. ఇంట్లోగానీ దగ్గరి బంధువుల్లోగానీ రక్తం ఎక్కించుకునే పిల్లలున్నా, చిన్న వయసులోనే ‘రక్తం లేక’ పోయిన పిల్లలున్నా ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

దంపతులిద్దరూ మైనర్లని తేలితే కడుపులోని బిడ్డకు పరీక్ష చేయవచ్చు. 10–12 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. ఆ సమయం దాటితే 15–16 వారాల తర్వాత ఉమ్మనీరు తీసి చూస్తారు. ఇవి పెద్ద నగరాల్లోని, ప్రభుత్వం వద్ద నమోదైన జన్యు కేంద్రాల్లోనే జరుగుతాయి. లింగనిర్ధారణ నిషేధ చట్టం ఇలాంటి పరీక్షలకు అడ్డు చెప్పదు. హిమోగ్లోబిన్ జబ్బులను గుర్తించడం ఆ చట్టం అనుమతించిన కారణాల్లో ఒకటి. ఆడా మగా మాత్రం చెప్పరు, అడగకూడదు.

బిడ్డకు మేజర్ అని తేలితే ఏం చేయాలన్నది దంపతుల నిర్ణయం, ముఖ్యంగా ఆ తల్లిది. చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయంతో, 2021 సవరణ తర్వాత కొన్ని సందర్భాల్లో 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భస్రావం చేయవచ్చు. వయసొచ్చిన మహిళ అయితే ఆమె సమ్మతి ఒక్కటి చాలు. కొనసాగించాలనుకుంటే అదీ ఆమె హక్కే. అప్పుడు బిడ్డ పుట్టిన వెంటనే బొడ్డుతాడు రక్తం సంగతి, తర్వాతి వైద్యం సంగతి ముందే మాట్లాడుకోవచ్చు.

మూడు వారాలకోసారి కర్నూలు

మేజర్ బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ 9 నుంచి 10.5 మధ్య ఉండేలా చూడాలన్నది వైద్యుల లక్ష్యం. 6కో 5కో పడిపోయేదాకా ఆగి తీసుకెళ్తే బిడ్డ బతుకుతుంది గానీ ఎదగదు. ఎముక మజ్జ రక్తం తయారీకి తంటాలు పడి ఉబ్బుతుంది, చెంప ఎముకలు పొడుచుకొస్తాయి, ప్లీహం పెరుగుతుంది. ఫొటోల్లో చూసే ‘తలసేమియా ముఖం’ జబ్బు వల్ల వచ్చింది కాదు, వైద్యం సరిగా అందకపోవడం వల్ల వచ్చింది. వేళకు రక్తం అందిన పిల్లలు మిగతా పిల్లల్లాగే బడికి వెళ్తారు.

ఆదోని నుంచి కర్నూలు దాదాపు 100 కిలోమీటర్లు. మూడు వారాలకోసారంటే ఏడాదికి 17 ప్రయాణాలు. ఒక్కో ప్రయాణానికి ఒకటి రెండు రోజుల కూలి పోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం రావడంతో తల్లీకూతుళ్లయితే ఆ ఖర్చు తగ్గింది. కొడుకైతే టికెట్ కొనాల్సిందే. నిజానికి రక్తం ఎక్కించడానికి పెద్ద యంత్రాలేమీ అవసరం లేదు. సరిపోలిన రక్తం, ఒక మంచం, శిక్షణ ఉన్న నర్సు, పక్కనే డాక్టరు ఉంటే నాలుగైదు గంటల పని. డివిజన్ కేంద్రమైన ఆదోనిలో ఇలాంటి పిల్లలకు వారంలో ఒక రోజు కేటాయించి, పేర్లు ముందే రాసుకుని పిలిస్తే ఈ ప్రయాణాల్లో చాలావరకు మిగులుతాయి. ప్రజాప్రతినిధులను అడగాల్సిన పనుల్లో ఇదొకటి.

తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ బాధితులకు రక్తం ఉచితంగా, ప్రాసెసింగ్ ఛార్జీ లేకుండా ఇవ్వాలన్నది జాతీయ రక్తమార్పిడి మండలి మార్గదర్శకం. బ్లడ్ బ్యాంకులో డబ్బు అడిగితే తలసేమియా కార్డు లేదా డాక్టరు చీటీ చూపి ఈ విషయం చెప్పండి. ఏ గ్రూపు రక్తం ఎక్కడుందో ఈ–రక్తకోశ్ పోర్టల్‌లో చూడవచ్చు. ఏటా ఏప్రిల్, మే నెలల్లో కొరత తప్పదు. కాలేజీలకు సెలవులు, శిబిరాలు ఉండవు. అప్పుడు ఊళ్లోని యువకులు దాతలుగా వస్తే ఆదుకున్నట్టే. 18 నుంచి 65 ఏళ్ల లోపు వయసు, కనీసం 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉండాలి. మగవారు 90 రోజులకోసారి, ఆడవారు 120 రోజులకోసారి ఇవ్వవచ్చు.

ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. అయినా 2011లో గుజరాత్‌లోని జునాగఢ్‌లో, 2025లో ఝార్ఖండ్‌లోని చాయ్‌బాసాలో తలసేమియా పిల్లలకు హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. కాబట్టి లైసెన్సున్న కేంద్రం నుంచే రక్తం తీసుకోవాలి, వీలైతే న్యాట్ పరీక్ష చేసినది అడగాలి. బిడ్డకు హెపటైటిస్ బీ టీకా పూర్తిచేయించాలి, ఆ మూడు పరీక్షలూ ఏడాదికోసారైనా చేయించాలి.

రక్తంతోపాటు ఎక్కే ఇనుము

తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చెప్పడంలో మన వ్యవస్థ ఎక్కువగా విఫలమయ్యేది ఇక్కడే. ఒక్క యూనిట్ రక్తంతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది. మామూలుగా మనం తిండి నుంచి రోజుకు గ్రహించేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. అదనపు ఇనుమును బయటికి పంపే దారి శరీరానికి లేదు. ఏడాదికి 20 యూనిట్లు ఎక్కితే 4 గ్రాములు దాటుతుంది. ఒక పెద్ద మనిషి ఒంట్లో ఉండే మొత్తం ఇనుమే 3–4 గ్రాములు. అదంతా గుండె, కాలేయం, హార్మోన్ గ్రంథుల్లో పేరుకుంటుంది. రక్తం వేళకు అందుతున్నా పదిహేను, ఇరవై ఏళ్లకు పిల్లలు పోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

అందుకే 10–20 సార్లు రక్తం ఎక్కించాకగానీ, ఫెరిటిన్ 1,000 దాటాకగానీ ఇనుమును తొలగించే మందులు మొదలుపెడతారు. డెఫెరాసిరాక్స్ నీళ్లలో కలిపి తాగే మాత్ర. డెఫెరిప్రోన్ కూడా మాత్రే. డెస్‌ఫెరాల్ అన్నది చర్మం కింద చిన్న పంపుతో గంటల తరబడి ఎక్కించే ఇంజెక్షన్. ‘రక్తం పెట్టించాం కదా, బిడ్డ హుషారుగానే ఉంది’ అని మాత్రలు ఆపేస్తుంటారు. ఇనుము పేరుకోవడం కంటికి కనిపించదు, అందుకే మూడు నెలలకోసారి ఫెరిటిన్ చూపించుకోమంటారు.

శాశ్వత పరిష్కారం మూలకణ మార్పిడి, జనం మాటల్లో బోన్ మ్యారో ఆపరేషన్. వేలూరు సీఎంసీలో 1986లోనే తలసేమియా బిడ్డకు ఇది చేశారు. హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసిన తోబుట్టువు ఉండాలి. ఒక్కో తోబుట్టువుతో కలిసే అవకాశం నాలుగింట ఒకటి. కాలేయం చెడకముందే, చిన్న వయసులో చేస్తే ఫలితం బాగుంటుంది. కోల్ ఇండియా నిధులతో 2017 నుంచి నడుస్తున్న తలసేమియా బాల సేవా యోజన కింద 12 ఏళ్లలోపు పిల్లలకు, ఆదాయ పరిమితికి లోబడి, 10 లక్షల రూపాయల వరకు సాయం ఇస్తారు. దరఖాస్తును ఆపరేషన్ చేసే ఆస్పత్రే పంపుతుంది. వేలూరు సీఎంసీ ఆ జాబితాలో ఉంది. బెంగళూరులోని సంకల్ప్ ఇండియా ఫౌండేషన్ ఉచిత హెచ్‌ఎల్‌ఏ పరీక్షల శిబిరాలు పెడుతుంటుంది. హైదరాబాద్‌లో 1998 నుంచి పనిచేస్తున్న తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీలో ఉచిత రక్తమార్పిడి, సలహా దొరుకుతాయి. విజయవాడలో 2025 ఫిబ్రవరి 15న ఎన్టీఆర్ ట్రస్టు తలసేమియా బాధితుల కోసం తమన్ సంగీత కార్యక్రమం నిర్వహించాక ఈ పేరు టీవీల్లో కాస్త వినబడింది. ఏటా మే 8న తలసేమియా దినం రోజున కూడా వినబడుతుంది. మిగతా రోజుల్లో ఆస్పత్రి వరండాల్లోనే.

పింఛను, ధ్రువపత్రం, రైలు రాయితీ

తలసేమియా మేజర్ ఉన్నవారికి రాష్ట్రంలో 2020 నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ప్రస్తుతం ఎన్టీఆర్ భరోసా కింద వస్తుంది. సాధారణ దివ్యాంగుల పింఛను కన్నా ఇది ఎక్కువని చాలామందికి తెలియదు. కొందరు తెలియక తక్కువ పింఛనుకే దరఖాస్తు చేస్తారు. ప్రభుత్వ ఆస్పత్రి నిర్ధారణ పత్రం, హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు, రక్తమార్పిడి రికార్డు, ఆధార్, రేషన్ కార్డులతో గ్రామ సచివాలయంలో అడగాలి. పరిశీలన జిల్లా వైద్య ఆరోగ్యశాఖ చేస్తుంది. మైనర్లకు ఈ పింఛను రాదు. మైనర్, మేజర్ తేడా తెలియక తిరస్కరణకు గురయ్యేవారూ ఉంటారు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో తలసేమియా ఒకటి. సదరం శిబిరంలో పరీక్ష చేయించుకుని యూడీఐడీ కార్డు తీసుకుంటే చదువులో, ఉద్యోగాల్లో ఆ చట్టం కింద వచ్చే వెసులుబాట్లకు ఆధారం అవుతుంది. వాటిలో చాలావాటికి వైకల్యం 40 శాతం ఉన్నట్టు పత్రంలో ఉండాలి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద తమ బిడ్డకు ఏ చికిత్సలు వర్తిస్తాయో ఆస్పత్రిలోని వైద్యమిత్రను గానీ, 104కు ఫోన్ చేసి గానీ కనుక్కోవచ్చు.

ముంబయి–చెన్నై రైలు మార్గంలోనే ఉన్నా ఆదోని వాళ్లలో రైలు రాయితీ గురించి తెలిసినవారు తక్కువ. చికిత్సకో, క్రమం తప్పని పరీక్షలకో వెళ్లే తలసేమియా రోగికి, తోడు వెళ్లే ఒకరికి స్లీపర్, థర్డ్ ఏసీలో 75 శాతం తగ్గింపు ఉంటుంది. నిర్ణీత నమూనాలో ఆస్పత్రి ఇచ్చే పత్రం స్టేషన్ కౌంటర్‌లో ఇవ్వాలి.

సుగ్గికి వెళ్తే బిడ్డ సంగతి?

పెద్దకడుబూరు, కోసిగి, కౌతాళం, మంత్రాలయం మండలాల్లో ఇది తప్పని ప్రశ్న. వానలు ముఖం చాటేస్తే ఊళ్లకు ఊళ్లు సుగ్గికి కదులుతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి. లేదంటే బెంగళూరు, హైదరాబాద్‌లకు భవన నిర్మాణ పనులకు. రెండు మూడు నెలల ఈ ప్రయాణంలోనే మేజర్ బిడ్డల చికిత్స తెగిపోతుంది. కొత్త ఆస్పత్రిలో మళ్లీ మొదటి నుంచి పరీక్షలంటారు, పాత కాగితాలు ఊళ్లో పెట్టెలో ఉంటాయి.

బయల్దేరే ముందు ప్రస్తుతం చూస్తున్న డాక్టరు దగ్గర ఒక పేజీ రాయించుకోవాలి. అందులో బిడ్డ బ్లడ్ గ్రూపు, జబ్బు పేరు, ఎన్ని రోజులకోసారి ఎంత రక్తం, చివరిసారి ఎప్పుడు, ఇంతకుముందు రక్తం పడక రియాక్షన్ వచ్చిందా, ఏ మాత్ర ఎంత, చివరి ఫెరిటిన్ ఎంత అన్నవి ఉండాలి. దాన్నీ హెచ్‌పీఎల్‌సీ రిపోర్టునూ సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుని, ఊళ్లో ఉండే ఒకరికి వాట్సాప్‌లో పంపి ఉంచితే ఫోన్ పోయినా దొరుకుతాయి. గుంటూరులో, హైదరాబాద్‌లో, బెంగళూరులో పెద్ద ప్రభుత్వాసుపత్రులున్నాయి. మేస్త్రీ తీసుకెళ్లే ఊరి పేరు తెలియగానే దగ్గర్లోని ఆస్పత్రి ఏదో ఏఎన్‌ఎంను, లేదా 104ను అడిగి రాసుకోవాలి. ఇనుము తీసే మాత్రలు కనీసం ఆ రెండు నెలలకు సరిపడా ముందే తీసుకోవాలి. పని దొరికిన రోజు తేదీ కాదు, బిడ్డకు తర్వాతి రక్తం ఎక్కించాల్సిన తేదీ చూసి బయల్దేరే రోజు పెట్టుకుంటే, వెళ్లిన మొదటి రెండు మూడు వారాలు కొత్త చోట దారులు వెతుక్కోవడానికి మిగులుతాయి.